హారం సున్నా అయ్యే చోట

నాకు కాలు ఒకచోట నిలవదు. క్లాసులోనూ అంతే. బోర్డుకు ఆ చివర మొదలుపెట్టిన లెక్కను ఈ చివరికి తెచ్చి, మళ్ళీ ఆ చివరికి పోయి ముగిస్తాను. పిల్లల మెడలు అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. ఇల్లు ఉదయగిరిలో, ఉద్యోగం ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. లెక్కలు చెప్తాను. పోనూ రానూ బస్సులో కూర్చునే సమయమంతా నాకు శిక్షే. దానికి తోడు ముక్కు మీద కోపం. నాకు జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే అది రెట్టింపవుతుంది. పదమూడేళ్ళ ఉద్యోగంలో ఆ కోపం నన్ను చాలాసార్లు కాపాడింది. నిరుడు మాత్రం కాపాడలేదు.

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు లిమిట్స్ చెప్పేటప్పుడు గ్రాఫులు గీయిస్తాను. పరీక్షకు అంతగా అక్కరలేదు, అది నా చాదస్తం. ఒకటి బై ఎక్స్ మైనస్ రెండు. హారం ఎక్కడ సున్నా అవుతుంది? ఎక్స్ రెండైనప్పుడు. అక్కడ చుక్కలు చుక్కలుగా ఒక నిలువు గీత గీయండి. దాని పేరు వర్టికల్ అసింప్టోట్. తెలుగులో అనంత స్పర్శరేఖ అంటారు. గీతకు ఎడమ పక్క గ్రాఫు లోతుకు, ఇంకా లోతుకు పోతుంది. కుడి పక్క ఎత్తు నుంచి, ఎక్కడో కనపడనంత ఎత్తు నుంచి దిగి వస్తుంది. గీతను మాత్రం ముట్టదు. రాసుకోండి. ఏటా ఇవే మాటలు, ఇదే వరసలో. పిల్లలు రాసుకునేవాళ్ళు. నేను బోర్డు తుడిచేసేదాన్ని.

నిరుడు ఆ క్లాసులో మా ఉదయగిరి పిల్ల ఒకతె ఉండేది. చెక్క స్పూన్లు చేసే ఇంటి పిల్ల. నేను ఎక్కే బస్సే ఎక్కేది. మాట తక్కువ, గీత మాత్రం ముచ్చటగా ఉండేది. స్కేలు లేకుండా గీసినా వంకర పోదు. ఆ రోజు బెంచీల మధ్య తిరుగుతూ ఆ పిల్ల నోటుబుక్కు దగ్గర ఆగాను. ఎడమ పక్క లోతుకు పోతున్న గీతను మెల్లగా మలుపు తిప్పి, చుక్కల గీతను దాటించి, కుడి పక్క ఎత్తు నుంచి దిగే గీతతో కలిపేసింది. ఎంత నున్నగా కలిపిందో! స్పూను మెడ దగ్గరి వంపులాగా ఉంది.

"ఏందిది?" అన్నాను.

"రెండుగా విరిగిపోయింది గదా మేడం. కలిపినాను."

"ఎవరు కలపమన్నారు?"

"విరిగింది పనికిరాదు గదా మేడం."

ఆ మాటకు అర్థం నాకు తర్వాత తెలిసింది. వాళ్ళ ఇంట్లో ఆకురాయితో రుద్దేటప్పుడు మెడ దగ్గర చిన్న చీలిక కనిపించినా ఆ స్పూను పొయ్యిలోకే పోతుంది. రెండు ముక్కలుగా ఉండి కూడా మంచిదైన వస్తువును ఆ పిల్ల పుట్టాక చూసి ఉండదు. ఇంకో ఊరి పిల్ల అయితే గీత కుదరక వదిలేసేది. ఈ పిల్ల చేతికి వదిలేయడం రాదు. ఇదంతా ఆ క్షణాన నాకు తట్టలేదు. అప్పటికే నేను బోర్డు దగ్గరికి నడుస్తున్నాను.

"ఇది స్పూను కాదు, నున్నగా రుద్దేదానికి!" అన్నాను, క్లాసంతా వినేలా.

క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. నిలబడి అడిగింది.

"అయితే ఆ గీత కాడ అది యాడుంటాది మేడం? ఈ పక్క అంత లోతుకు పోయింది, ఆ పక్క అంత ఎత్తున ఎట్ట తేలింది?"

నాకు తెలియదు. ఎమ్మెస్సీ చదివాను, మంచి మార్కులే వచ్చాయి, అయినా నిజంగా నాకు తెలియదు. ఎడమ పక్క లిమిట్ మైనస్ అనంతం, కుడి పక్క ప్లస్ అనంతం అని రాయడం తెలుసు. ఆ పిల్ల అడిగింది అది కాదని కూడా తెలిసింది.

"అది రూలు. కూర్చో," అన్నాను.

మర్నాటి నుంచి ఆ పిల్లను అందరూ స్పూను అని పిలవడం మొదలుపెట్టారు. స్పూను వచ్చింది, స్పూను రాలేదు. ఆ పేరు నా నోటి నుంచి ఊడిపడిందే. ఎవరినైనా మందలిద్దామంటే ఏ మొహం పెట్టుకొని మందలిస్తాను? బస్సులో ముందు సీట్లలో ఆడవాళ్ళ మధ్య కూర్చునే పిల్ల, వెనక సీట్లోకి మారిపోయింది. మూడో వారంలో బస్సెక్కడమే మానేసింది. నేను మూడు రోజులు చూశాను, నాలుగు రోజులు చూశాను. బస్సు కదిలేదాకా మెట్ల వైపే చూస్తూ, వాచీ చూసుకుంటూ, పక్కావిడ చేత "ఎవురన్నా రావాల్నా?" అనిపించుకున్నాను. చివరికి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

వసారాలో తల్లి, కూతురు ఎదురెదురుగా కూర్చొని పని చేస్తున్నారు. తల్లి ఆకురాయితో రుద్దుతోంది, కూతురు గరుకు కాగితంతో నునుపు చేస్తోంది. ఇద్దరి ఒళ్ళోనూ చెక్క పొడి. తల్లి లేచి, కొంగుతో స్టూలు తుడిచింది. నేను కూర్చోలేదు.

"లెక్కలు తలకెక్కడం లేదంట టీచరమ్మా," అంది తల్లి. "కలువాయిలో మా చెల్లెలు ఉండాది. ఆడ కాలేజీలో సీఈసీ సీటు మాట్లాడినారు. రేప్పొద్దున పోయి టీసీ తెచ్చుకుంటాం."

సీఈసీ అంటే లెక్కలు ఉండవు. తలకెక్కకపోవడం ఏంటి! నేను చెప్పిన పాఠం ఎవరికైనా తలకెక్కిందీ అంటే ఈ పిల్లకే. ఎక్కింది కాబట్టే అది ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టింది. ఆ మాట తల్లికి చెప్పబోయి ఆగాను. చెప్తే, మరి ఎందుకు మానేసింది అని అడుగుతుంది.

"నువ్వు అడిగినదానికి చెప్తాను," అన్నాను పిల్లతో. "ఆ గీత దగ్గర అది అనంతం అవుతుంది."

ఆ పిల్ల చేతిలో పని ఆపింది. "అనంతం పైన ఉండాదా, కింద ఉండాదా మేడం?"

"రెండు పక్కలా."

"ఒకేసారి రెండు పక్కలా ఎట్ట ఉంటాది?"

నేను వసారాలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచాను. తల్లి నా కాళ్ళనే చూస్తోంది. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"రేప్పొద్దున బస్సులో నేనూ వస్తా గదా. దారిలో చెప్తాను. అది విన్నాక టీసీ సంగతి చూద్దాం," అన్నాను.

పిల్ల తల్లి వంక చూసింది, మళ్ళీ నా వంక చూసింది. "సరే మేడం. దారిలో చెప్పండి," అంది. ఆ కళ్ళలో ఆశ ఉంది. నాకు ఇప్పటికీ బాధ అదే.

పొద్దున్నే లేచి కాగితాలు ముందేసుకున్నాను. ఒకటిని పదో వంతుతో భాగిస్తే పది. నూరో వంతుతో భాగిస్తే నూరు. వెయ్యో వంతుతో భాగిస్తే వెయ్యి. భాగించేది చిన్నదయ్యేకొద్దీ జవాబు పెద్దదవుతుంది, సరే, ఇది నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అవతలి పక్కన మైనస్ పది, మైనస్ నూరు, మైనస్ వెయ్యి. అదీ తెలుసు. ఎత్తుకూ లోతుకూ మధ్య ఏముంది? అక్కడికి వచ్చి ఆగిపోతున్నాను. ఇడ్లీ నిలబడే తిన్నాను. నోటుబుక్కు చంకలో పెట్టుకొని స్టాండుకు పరుగెత్తాను.

"ఆత్మకూరు బస్సా? ఇప్పుడే పోయిందే," అన్నాడు సోడా కొట్టాయన.

అయితే మా ఊళ్ళో బస్సు పోయిందంటే పోయినట్టు కాదు. ఆటో ఎక్కి తరుముకుంటాం. ఆటో వెనక నుంచి లైట్లు కొడుతుంది, బస్సు డ్రైవరు అద్దంలో చూసి పక్కకు తీసి ఆపుతాడు. కండక్టరు తిడతాడు, మనం ఎక్కుతాం. ఇది అందరూ చేసేదే. అందుకే మా ఊళ్ళో ఎవరూ టైముకు రారు. నేనూ ఎదురుగా ఉన్న ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆటో భాయ్ యాభై దాటిన మనిషి, ఎన్నోసార్లు నన్నిలాగే ఎక్కించుకుపోయినవాడు.

"భాయ్, ఆత్మకూరు బస్సు. పట్టియ్యాల. ఈరోజు తప్పకూడదు."

"మనకు దొరక్క యాడికి పోతాది మేడం," అని బండి లాగించాడు.

నేను నోటుబుక్కు తెరిచాను. బస్సెక్కేలోపు జవాబు దొరకాలి. పది, నూరు, వెయ్యి. మైనస్ పది, మైనస్ నూరు, మైనస్ వెయ్యి. పెన్ను కుదుపులకు కాగితాన్ని చీలుస్తోంది. పెట్రోలు బంకు దాటుతుండగా భాయ్ వెనక్కి తిరిగాడు.

"మేడం, బస్సు..."

"తెలుసులే భాయ్! నన్ను కదిలించబాక, లెక్కలో ఉన్నాను. నువ్వు పోనీ."

ఏదో పెద్ద బండి చప్పుడు చేసుకుంటూ పక్క నుంచి పోయింది. దుమ్ము మొహాన కొట్టింది. నోటుబుక్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, తల ఎత్తలేదు. భాయ్ ఆ తర్వాత మాట్లాడలేదు.

మా ఊరి కొండ వెనకబడింది. కంది చేలు మొదలయ్యాయి. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ఎంతసేపు పోయినా బస్సు ఆపిన జాడ లేదు. అప్పుడు తల ఎత్తాను.

"ఏంది భాయ్, ఇంకా దొరకలా?"

"అదో, ఆ దూరాన పోతా ఉండాది." కంఠంలో కినుక. రోడ్డు చివర అగ్గిపెట్టెంత బస్సు కనిపించింది. "ఇందాక బంకు కాడ మనల్ని దాటి పోయింది. చెప్పబోతే కదిలించబాక అన్నారు. మీరేమో ముందు పోయిన బస్సులోనే పోవాలనుకున్నారేమోనని నేను ఊరుకున్నా."

"దాటి పోయిందా? మన వెనక నుంచా?"

"అవును మేడం. స్టాండులో సోడా ఆయన చూసింది వేరే బస్సు. మన బస్సు డిపోలోనే ఉండింది. మనమే ముందు పడినాం."

వెనక ఉన్న బస్సు కోసం నేను ముందుకు తరుముకుంటూ వచ్చాను. ఇలాంటి తెలివితక్కువ పని మా ఊరివాళ్ళు మాత్రమే చేయగలరు. ఆటో దిగి రోడ్డు మీద పరుగెత్తాలనిపించింది. సీట్లో అటూ ఇటూ కదిలాను. ముందున్న కమ్మీ పట్టుకొని సగం లేచాను.

"ఎంత స్పీడులో పోతా ఉన్నాం?"

"నలభై."

"బస్సు?"

"యాభై ఉంటాది. రెండు కిలోమీటర్లు ముందర ఉంటాది."

"మనం యాభైలో పోతే?"

"ఎట్ట ఉండేది అట్టనే ఉంటాది మేడం. దగ్గరికీ రాదు, దూరమూ పోదు. నెల్లూరు దాకా పోయినా ఇంతే."

నా చేతిలో పెన్ను ఉంది. ముందున్న బండిని అందుకోవడానికి పట్టే సమయం అంటే మధ్య దూరాన్ని రెండు వేగాల తేడాతో భాగించడమే. చిన్న తరగతి లెక్క. ఆటో అరవైలో పోతే తేడా పది, దూరం రెండు, పన్నెండు నిమిషాల్లో దొరుకుతుంది. యాభై అయిదులో పోతే ఇరవై నాలుగు నిమిషాలు. యాభై ఒకటిలో పోతే రెండు గంటలు. యాభైన్నరలో పోతే నాలుగు గంటలు. యాభైకి ఎంత దగ్గరైతే అంత ఆలస్యం, అంత ఎత్తు. సరిగ్గా యాభైలో హారం సున్నా. భాయ్ చెప్పినట్టు, ఎంత దూరం పోయినా ఇంతే.

మరి ఇప్పుడు పోతున్నట్టు నలభైలో పోతే? నలభైలోంచి యాభై తీసేస్తే మైనస్ పది. జవాబు మైనస్ పన్నెండు నిమిషాలు. ఇక్కడికి వస్తే నేను పదమూడేళ్ళుగా పిల్లలతో చెప్పే మాట ఒకటుంది: కాలానికి మైనస్ ఉండదు, కొట్టెయ్యండి. కొట్టెయ్యబోయాను.

"భాయ్, బంకు కాడ బస్సు మన పక్కకు వచ్చి ఎంతసేపైంది?"

"పది పన్నెండు నిమిషాలు అయ్యుంటాది."

పెన్ను ఆగిపోయింది. మైనస్ పన్నెండు తప్పు జవాబు కాదు. బస్సును ఎప్పుడు కలుస్తావు అని అడిగితే, పన్నెండు నిమిషాల కిందట కలిశావు, అయిపోయింది అని లెక్క చెప్తోంది. నలభై తొమ్మిదిలో పోతూ ఉంటే? రెండు గంటల కిందట. నలభై తొమ్మిదిన్నరలో? నాలుగు గంటల కిందట. లోతుకు, ఇంకా లోతుకు. ఎడమ పక్కన ఉన్నదంతా జరిగిపోయిన కలయిక. కుడి పక్కన ఉన్నదంతా జరగబోయే కలయిక. సరిగ్గా యాభై దగ్గర జరిగిందీ లేదు, జరిగేదీ లేదు. లోతు నుంచి ఎత్తుకు గ్రాఫు ఎగరలేదు, పాకలేదు. ఆ గీత దగ్గర అది ఎక్కడా లేదు. అనంతం అనేది అది ఉండే చోటు కాదు, లేదు అని చెప్పలేక మేము రాసే గుర్తు.

ఇంతే. ఇంత చిన్న సంగతి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమే, కానీ నిలవలేని సంతోషం. చెప్పాల్సిన మనిషి ఆ అగ్గిపెట్టెలో ఉంది.

"భాయ్, ఎంత పోతాదో అంత పోనీ!"

"ఇంకా పెంచితే బండి ఊడి చేతికొస్తాది మేడం," అన్నాడు కానీ పెంచాడు. బస్సు ఒక మిట్ట ఎక్కేటప్పుడు కాస్త పెద్దదైంది, ఒక వంపులో మాయమైంది. తర్వాత కనిపించలేదు.

కాలేజీ గేటు దగ్గర దూకినట్టే దిగాను. టీసీ కోసం వచ్చినవాళ్ళను వారం రోజులు తిప్పే మా ఆఫీసు, ఆ రోజు పని చకచకా ముగించేసింది. ఆ పిల్ల వరండా బెంచీ మీద ఒక్కతే కూర్చొని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో టీసీ. తల్లి జిరాక్సు తీయించడానికి వెళ్ళిందట.

"బస్సులోంచి నేను పిలిచినా మేడం. బంకు కాడ," అంది. "రెండు సార్లు పిలిచినా. మీరు రాసుకుంటా ఉన్నారు."

నేను పక్కన కూర్చున్నాను. కదలకుండా కూర్చున్నాను. నోటుబుక్కు తీసి ఆటో, బస్సు, యాభై, నలభై అన్నీ చెప్పాను. మైనస్ పన్నెండు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల మొహం విప్పారింది. నా చేతిలో పెన్ను తీసుకుంది. నిలువు గీతకు ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, రెండు ముక్కలు గీసింది. కలపలేదు. రెండింటినీ కాసేపు చూసింది.

"విరగలేదు మేడం ఇది. మొదటి నుంచీ రెండే," అంది.

ఆ మాట నేను అనాల్సింది. నాకు తట్టలేదు.

"మరి దూరం కూడా సున్నా అయితే?" అంది వెంటనే. "బస్సు, ఆటో పక్కపక్కనే ఉండి, రెండూ యాభైలోనే పోతే? పైనా సున్నా, కిందా సున్నా. అప్పుడు ఎప్పుడూ కలిసే ఉంటాయి గదా. అప్పుడు ఎత్తూ ఉండదు, లోతూ ఉండదు. ఏ టైము చెప్పినా సరిపోతాది. ఒక్క చుక్క కాడ మాత్రం ఏది రాయాల్నో తెలీదు."

దాన్ని మేము హోల్ అంటాం. అకరణీయ ప్రమేయాల్లో లవం, హారం రెండూ ఒకే చోట సున్నా అయితే ఆ నిలువు గీతకు బదులు ఒక చిన్న ఖాళీ ఉండవచ్చు. అది నేను ఎమ్మెస్సీలో బట్టీ పట్టి పాసయ్యాను. ఈ పిల్ల బెంచీ మీద కూర్చొని ఊరికే చెప్పేసింది.

"టీసీ వెనక్కి ఇచ్చేద్దాం. నేను మాట్లాడతాను. లెక్కలు వదలబాక," అన్నాను. బతిమాలుతున్నానని నాకే తెలుస్తోంది. "ఆ రోజు నేను అన్నది తప్పు. అందరి ముందూ చెప్తాను."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు. "కలువాయిలో సీటు ఇచ్చేసినారు మేడం. అమ్మీ బట్టలు కూడా సర్దేసింది. ఆడ నన్ను ఎవురూ ఏమీ అని పిలవరు."

తల్లి జిరాక్సులు పట్టుకొని గేటు దగ్గర నిలబడి పిలిచింది. పిల్ల లేచింది. నోటుబుక్కు నాకు ఇచ్చి, చెప్పులు వేసుకొని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది మేడం?"

"ఈరోజే. దారిలో."

నిజంగానే ఆశ్చర్యపోయింది. ఎత్తిపొడుపు అసలు లేదు. "మరి మాకంటే ముందు పిల్లోళ్ళకు ఇన్నేళ్ళూ ఎట్ట చెప్పినారు?"

"చెప్పలేదు," అన్నాను. "రాయించినాను."

ఆ పిల్ల అర్థమైనట్టు తల ఊపి, తల్లి దగ్గరికి నడిచింది. లోపల రెండో పీరియడ్ బెల్లు కొట్టారు. అది నా క్లాసే.